కాలి అంటే ఖాళీ కాదు

700 రూపాయలిచ్చి ఉల్లిపాయల బస్తా పక్కన పడుకున్నాను. ఆ సంగతి ముందే చెప్పేయాలి. లేకపోతే ఈ ప్రయాణంలో మిగతాదేదీ కుదురుగా రాయలేను.

నిజానికి ఒడిశాలో పర్లాకిమిడి, చంద్రగిరి వైపుకి ఇద్దరం వెళ్లాల్సింది. పెద్దమ్మ కూతురు ఆఖరి నిమిషంలో సెలవు దొరకలేదంది. అమ్మ ముఖం అప్పుడే మాడిపోయింది. "పోనీ నువ్వూ మానేయొచ్చు కదే, ఆ ఒరియా కొండల్లో ఒక్కదానివీ ఏటి చూస్తావు?" అంది. మాది శ్రీకాకుళం. పర్లాకిమిడి మాకు పరాయి ఊరు కాదు, ఒకప్పుడు మా వాళ్లు పెళ్లి బట్టలకి అక్కడికే వెళ్లేవారు. భాష రాకపోవడమేమిటి, అంతా మనవాళ్లే అనుకుని బయల్దేరాను.

పాతపట్నం దాకా ఆడవాళ్లకి ఉచితమైన స్త్రీశక్తి బస్సు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్. సరిహద్దు దాటించడానికి షేర్ ఆటోకి 20. పర్లాకిమిడిలో ఏ ఇబ్బందీ లేదు. 600కి శుభ్రమైన గది, రిసెప్షన్లో తెలుగు, టిఫిన్ బండి దగ్గర తెలుగు. గజపతుల కోట బయటినుంచి చూశాను. గిడుగు రామమూర్తి పంతులు గారు మేష్టరుగా పనిచేసింది ఈ ఊళ్లోనే. సవర గిరిజనుల్ని ఇంట్లో కూర్చోబెట్టుకుని వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషకి పుస్తకాలు, నిఘంటువు తయారుచేశారాయన. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు అలిగి రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తాం కదా, నేనూ వేశాను బళ్లో. మర్నాడు పొద్దున్న ఉదయగిరి వైపు వెళ్లే బస్సులో నా పక్కన ఒక సవర అమ్మ పిల్లాడితో కూర్చుంది. దారంతా వాడికి ఏదో కథ చెబుతోంది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అది అటు తెలుగుకీ ఇటు ఒడియాకీ చుట్టమే కాదు, ముండా భాషల కుటుంబం.

టికెట్ 110, మూడున్నర గంటలు, ఘాట్ రోడ్డు. కొండెక్కే కొద్దీ బస్సులో తెలుగు పలచబడింది. దిగేసరికి అసలు లేదు.

ఆ ఊరి పేరు రాయను. ఆ దారిలో లాడ్జీలు వేళ్ల మీద లెక్కపెట్టేవే, రాస్తే ఎవరిదో తెలిసిపోతుంది. బస్టాండుకి ఎదురుగా రెండంతస్తులది. కౌంటర్లో నలభై ఏళ్ల మనిషి. నన్ను చూసి, నా వెనక ఇంకెవరు వస్తున్నారా అని తొంగి చూశాడు. ఎవరూ రాలేదు. మళ్లీ చూశాడు. ఒంటరిగా తిరిగే ఆడవాళ్లకి ఈ చూపు కొత్త కాదు కాబట్టి ఆధార్ తీసి బల్లమీద పెట్టి, "రూమ్ హై?" అన్నాను. నా హిందీ అంతే. అతని హిందీ కూడా నాకంటే మెరుగేమీ కాదు.

"కాలి మిళిబ" అన్నాడు.

ఖాళీ! ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. రెండో మాట ఏదో మర్యాద కోసం తగిలించాడనుకున్నాను. 700 అని ఫోన్ కాలిక్యులేటర్లో చూపించాడు, 300 అడ్వాన్స్ అడిగాడు. ఇచ్చాను. రసీదు రాశాడు, అంకెలతో సహా ఒడియాలో. తాళం మాత్రం ఇవ్వలేదు. చేత్తో బయటికి ఏదో చూపించాడు. భోంచేసి రమ్మంటున్నాడనుకున్నాను. తీరిగ్గా అన్నం, డాల్మా (కూరముక్కలు వేసిన ఒడియా పప్పు) 70 రూపాయలకి తిని, టీ తాగి, అమ్మకి ఫోన్ చేసి "రూమ్ దొరికింది, మనిషి మంచివాడు" అని కూడా చెప్పి, చీకటి పడ్డాక వెళ్లాను.

"కాలి" అన్నాడు మళ్లీ.

"అవును, ఖాళీయే కదా, తాళం ఇవ్వండి."

"కాలి! కాలి!"

"ఖాళీ అయితే ఇవ్వడానికేం?"

పావుగంట ఇదే. అతను గొంతు పెంచాడు, నేనూ పెంచాను. ఫోన్లో అనువాదం చేసే యాప్ ఉంది గానీ, సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. చుట్టూ నలుగురు చేరారు, నలుగురూ నాకేదో వివరించారు. బస్సులు అయిపోయాయి. డిసెంబరు చలి, నా దగ్గరున్నది చున్నీ. చివరికి అతను తల కొట్టుకుని మేడమీద ఒక గది తెరిచాడు.

అది గది కాదు, వాళ్ల సామాన్ల కొట్టు. గోడకి నిలబెట్టిన పరుపులు, విరిగిన కుర్చీలు, పెళ్లిళ్లకి అద్దెకిచ్చే వంటపాత్రలు, మూలన సగం అయిపోయిన ఉల్లిపాయల బస్తా. దానికి కాలిక్యులేటర్లో 700 కొట్టాడు. నేను తీసుకుని 200 కొట్టాను. అతను 700. నేను 300. అతను 700 కొట్టి, ఫోను బోర్లా పెట్టేశాడు. అడ్వాన్స్ అందులో తగ్గించమని వేళ్లతో మూడు చూపిస్తే, లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. మొత్తం 1000 ఇచ్చుకున్నట్టయింది.

లోపలి గడియకి మేకులు ఊడిపోయి ఉన్నాయి. తలుపుకి అడ్డంగా పెద్ద గుండిగ జరిపాను, దాని మీద మూత, మూత మీద నాలుగు గరిటెలు. ఎవరైనా తోస్తే ఊరంతా లేవాలి. ఎవరూ రాలేదు. అర్ధరాత్రి ఎలుక వల్ల ఒక గరిటె పడింది, నేనొక్కదాన్నే లేచాను. అమ్మకి మాత్రం గది బాగుందనే మెసేజ్ పెట్టాను.

పొద్దున్నే మొహం కూడా సరిగ్గా కడుక్కోకుండా చంద్రగిరికి షేర్ ఆటో ఎక్కాను, 40 రూపాయలు. 1963లో టిబెట్ శరణార్థులకి ఇక్కడ స్థలం ఇచ్చారు. క్యాంపులంటారు కానీ పక్కా ఇళ్లే, చుట్టూ మొక్కజొన్న చేలు కోసేసిన మోళ్లు, జెండాల తోరణాలు. జిరంగ్‌లోని పద్మసంభవ మహావిహారాన్ని 2010 జనవరిలో దలైలామా ప్రారంభించారు. పెద్దది, రంగురంగులది, లోపల చాలా చల్లగా ఉంది. డబ్బులు ఎవరూ అడగలేదు. చిన్న లామా కుర్రాళ్లు మెట్లమీద క్రికెట్ గురించి కొట్టుకుంటున్నారు. నా మనసు అక్కడ లేదు, ఆ 700 మీదే ఉంది.

చాలా ఇళ్లకి తాళాలు. చలికాలం కదా, అందరూ స్వెటర్లు అమ్మడానికి ఊళ్లు పట్టుకుని పోతారు. తెరిచున్న ఒక చిన్న హోటల్లోకి వెళ్లాను. లోపల చారల ఆప్రాన్ కట్టుకున్న పెద్దావిడ. గోడమీది బొమ్మ వైపు వేలు చూపించి తుక్పా, అంటే టిబెట్ వాళ్ల నూడుల్స్ సూప్, అడిగాను, ఎంత అన్నట్టు చెయ్యి తిప్పాను.

"ఎనభై, మేడం. ఫిక్స్‌డ్ రేటు."

తెలుగు! నేను తేరుకునేలోపే ఆవిడ తెచ్చి ముందు పెట్టింది. "కొత్త సరుకు మేడం, పొద్దున్నే వచ్చింది. వేసుకుని చూడండి."

పన్నెండు చలికాలాలు విజయవాడలో స్వెటర్లు అమ్మిందట. మోకాళ్ల నొప్పులొచ్చి మానేసింది, ఇప్పుడు కొడుకూ కోడలూ వెళ్తున్నారు. ఆవిడ తెలుగంతా దుకాణం తెలుగే. మోమోలు ఇంకో ప్లేటు పెట్టమంటే "మీకు ఈ సైజు సరిపోదు, పెద్దది తీసుకోండి" అంది. కారం పచ్చడి గురించి "కొంచెం టైటు" అంది. తుక్పాలో వెల్లుల్లి వాసన, పైన ఉల్లికాడలు, నూడుల్స్ మధ్య పలచగా తరిగిన ముల్లంగి. రాత్రంతా గడ్డకట్టుకుపోయిన ఒళ్లు రెండో గుక్కకి వదిలింది. తుక్పా 80, మోమోలు 60. నాలుగు రోజుల్లో నేను తిన్న మంచి తిండి అదే, ఆ 140 రూపాయలకి వంక పెట్టలేను.

లాడ్జి సంగతి మొత్తం ఆవిడకి చెప్పాను. రసీదు చూపించాను. ఇంటర్ చదివే మనవణ్ని పిలిచింది. వాడు చదివి నవ్వడం మొదలుపెట్టాడు, ఆపితే ఒట్టు. ఆవిడ కూడా నవ్వి, తెలుగులో చెప్పింది: "ఖాళీ కాదు మేడం. కాలి అంటే రేపు. స్టాక్ రేపు వస్తుంది."

రసీదు మీద తేదీ ఇవాళ్టిదేనట. అతను నిన్నంతా నాకు రేపు రమ్మనే చెబుతున్నాడు. సరే, సగం తప్పు నాది. గిడుగు గారు ఒక భాషకి నిఘంటువే రాశారు, నాకు రెండక్షరాల మాట అర్థం కాలేదు. కానీ ఉల్లిపాయల బస్తాకి 700 మాత్రం ఏ నిఘంటువు ప్రకారమూ న్యాయం కాదు.

మనవడు ఒడియాలో చీటీ రాసిచ్చాడు. సాయంత్రం వెళ్లి చీటీ, రసీదు బల్లమీద పెట్టాను. లాడ్జీ మనిషి చదివి, ఏమీ జరగనట్టు మిగిలిన 400 తీసుకుని తాళం ఇచ్చాడు. మంచి గదే. గడియ పడుతుంది, రెండు రగ్గులు, పొద్దున్నే బకెట్టు వేడినీళ్లు. స్టోర్‌రూమ్ డబ్బు సంగతి చీటీలో ఉన్నా, ఆ వాక్యం అతనికి కనబడలేదు.

అటువైపు వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు. ఆజి అంటే ఈరోజు. కాలి అంటే రేపు, ఒక్కోసారి నిన్న కూడా. కేతే అంటే ఎంత. నాహిఁ అంటే లేదు, ఇది వినబడితే వాదించకండి. తాళం చేతికొచ్చాకే డబ్బు తీయండి. ఏమేం అడగాలో ఒడియాలో రాయించుకుని కాగితం జేబులో పెట్టుకోండి, కొండల్లో ఫోన్‌ని నమ్ముకోవద్దు. ఆడవాళ్లు ఒక్కరే వెళ్తే మధ్యాహ్నం మూడింటికల్లా దిగేలా బస్సు చూసుకోండి, వెతుక్కోవడానికి వెలుతురు మిగులుతుంది.

మర్నాడు తప్తపాణి, బస్సుకి 50. గంధకం వాసన, వేడినీటి కుండం, పక్కన కంధుణీ దేవి గుడి. ఒడిశా టూరిజం వాళ్ల పాంథనివాస్‌లో కొన్ని గదులకి ఆ వేడినీళ్లే పైపుల్లో వస్తాయి. నా బడ్జెట్‌కి అందేది కాదు గానీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తే అదే తీసుకోండి. అక్కణ్నుంచి బరంపురం 60. ఉప్మా మీద ఘుగుని, అంటే బఠాణీల కూర, పోసి పెట్టారు, మొదట కంగారుపడ్డాను, తర్వాత రెండోసారి తిన్నాను. అప్పడాలు 200. మళ్లీ అంతా తెలుగే. రైలుకి 70.

నాలుగు రోజులకి, స్టోర్‌రూమ్‌తో కలిపి, మొత్తం 3,740 అయింది. అందులో 450 అమ్మకి తెచ్చిన స్వెటర్. హోటలావిడ లోపల అట్టపెట్టెలో మిగిలిన లూధియానా సరుకు, వంకాయ రంగు. బేరమాడితే ఒక్క రూపాయి తగ్గలేదు, "ఉతికినా సాగదు, రంగు పోదు, గ్యారంటీ" అంది. అమ్మ వేసుకుని అద్దంలో చూసుకుని, గది నిజంగా బాగుందా అని ఇంకోసారి అడిగింది. బాగుందన్నాను.

స్వెటర్ ఇంకా ఉతకలేదు.