పాత డీజిల్ కారుకు ఇంట్లోనే మార్చుకున్న ఈజీఆర్ వాల్వ్: రెండేళ్లు నడిపిన తర్వాత

నల్లగొండలో మా ఇంటి ముందే, 2012 నాటి డీజిల్ కారుకు నేను బిగించుకున్న కొత్త ఈజీఆర్ (ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్) వాల్వ్ రెండేళ్లు దాటినా చక్కగా పనిచేస్తోంది. ఆ మన్నికకు సగం కారణం మాత్రం, అదే రోజు ఇంజిన్ లోపలికి గాలిని చేర్చే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను కూడా విప్పి శుభ్రం చేయడమేనని నా గట్టి నమ్మకం.

ఇంజిన్ వదిలిన పొగలో కొంత భాగాన్ని ఈ వాల్వ్ తిరిగి లోపలికి పంపుతుంది. దానివల్ల సిలిండర్‌లో మంట వేడి తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. అయితే ఆ పొగలోని మసి, ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరితో కలిసి గోడలకు జిగటగా పట్టేస్తుంది. గడియారం సెంటర్ నుంచి పానగల్ దాకా లాంటి కొద్ది దూరాలే వెళ్లి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆగిపోయే బండ్లకు ఈ బెడద మరీ ఎక్కువ. నా కారులో వాల్వ్ కొద్దిగా తెరుచుకున్న స్థితిలోనే బిగుసుకుపోయింది. ఐడిలింగ్‌లో వణుకు, యాక్సిలరేటర్ తొక్కితే నల్లటి పొగ, స్కానర్‌లో పీ0402 కోడ్ (ఈజీఆర్ ద్వారా అవసరానికి మించి పొగ వెళ్తోందనే సూచన) కనిపించాయి.

పనిలో కష్టమంతా బోల్టుల దగ్గరే. ఏళ్ల తరబడి వేడికి కాలిన బోల్టును బలవంతంగా తిప్పితే అది లోపలే విరిగే ప్రమాదముంది కనుక, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేసి, మర్నాడు చల్లటి ఇంజిన్ మీద, బ్యాటరీ నెగెటివ్ వైరు తీసిన తర్వాతే స్పానర్ పట్టాను. బయటికి తీసిన పాత వాల్వ్ పిన్నును వేలితో నొక్కితే సగం దూరంలోనే ఆగిపోయింది. మానిఫోల్డ్ లోపల మసి ఎంత మందంగా పేరుకుందంటే, గాలి పోవడానికి మిగిలిన సందులో నా చిటికెన వేలు మాత్రమే పట్టింది! వాల్వ్ కూర్చునే అల్యూమినియం ముఖానికి గీత పడితే గాలి లీకవుతుంది కాబట్టి దాన్ని ప్లాస్టిక్ ముక్కతోనే గీకాను. అతుకుల మధ్య లీకు లేకుండా వేసే గ్యాస్కెట్లన్నీ కొత్తవే వేశాను.

పాత వాల్వ్ మీది పార్ట్ నంబరు సరిచూసుకుని కొన్నందువల్ల కొత్తది సరిగ్గా కూర్చుంది. దాని మూసిన స్థానాన్ని ఇంజిన్ కంప్యూటర్‌కు నేర్పించడానికి మాత్రం నా చిన్న స్కానర్ చాలక, గ్యారేజీకి వెళ్లవలసి వచ్చింది.

అక్కడ, పొగ తిరిగి లోపలికి వచ్చే ఈ వాల్వ్ దారికి రేకు అడ్డం పెట్టి మూసేస్తే సరిపోయేదన్నారు. ఆ సలహాను నేను ఒప్పుకోను. పొల్యూషన్ సర్టిఫికేట్ పరీక్షలో డీజిల్ కారుకు పొగ సాంద్రతనే చూస్తారు కనుక రేకు పెట్టిన బండీ గట్టెక్కవచ్చు, కానీ కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లు మన వీధి గాలిలోనే కలుస్తాయి.

ఈ మధ్య మళ్లీ విప్పి చూస్తే పలుచని పొడి మసి తప్ప జిగట లేదు. తరచూ నార్కట్‌పల్లి దాటి హైవే మీద కాసేపు నడపడం కూడా ఇందుకు తోడ్పడిందనుకుంటాను. కొత్త వాల్వ్ ఖరీదైనదే. మీ పాత వాల్వ్‌ను క్లీనర్‌తో కడిగాక పిన్ను పూర్తిగా కదిలి, గట్టిగా మూసుకుంటూ ఉంటే గ్యాస్కెట్ మాత్రం మార్చి దాన్నే బిగించుకోండి.