న్యూయార్క్ పసుపు ట్యాక్సీ: మీటరును నమ్మొచ్చు, టిప్పు లెక్క మాత్రం మీరే వేసుకోండి

కొత్తగా న్యూయార్క్ వెళ్లేవాళ్లకు పసుపు ట్యాక్సీ నిశ్చింతగా ఎక్కదగ్గ బండి. చార్జీని నగరపు ట్యాక్సీ అండ్ లిమొజీన్ కమిషన్ ఖరారు చేస్తుంది. అందరూ దీన్ని టీఎల్‌సీ అంటారు. నగరం లోపల తిరిగితే బేరం ఉండదు, మీటరే లెక్క. పెట్టెలకు విడిగా డబ్బు అడగకూడదు, ఇంకో మనిషి ఎక్కినందుకూ అడగకూడదు, కార్డుతో కట్టినందుకూ అడగకూడదు. ఇంత పద్ధతిగా సాగే ప్రయాణంలో పరాయి దేశపు మనిషి తడబడేది చివరి అర నిమిషంలోనే. బండి ఆగుతుంది, వెనక సీటు ముందున్న తెర వెలుగుతుంది, 20, 25, 30 శాతం అని మూడు బొత్తాలు కనిపిస్తాయి. వెనక బళ్లు హారన్ కొడుతుంటాయి. ఆ కంగారులో ఏదో ఒకటి నొక్కేసి దిగిపోతారు. దేని మీద ఎంత శాతం ఇచ్చారో గదికి వెళ్లి రసీదు చూసుకుంటే గానీ తెలియదు.

ముందు బిల్లు సంగతి. 2025 నాటి రేట్ల ప్రకారం ఎక్కగానే మీటరు 3 డాలర్లు చూపిస్తుంది. తర్వాత మైలులో అయిదో వంతుకు 70 సెంట్లు. బండి గంటకు 12 మైళ్ల కంటే నెమ్మదిగా నడిచినా, ఆగిపోయినా నిమిషానికి 70 సెంట్లు. సాయంత్రం మాన్‌హటన్‌లో దూరం కంటే ఈ నిమిషాల లెక్కే బిల్లును పెంచుతుంది. అందుకే రెండు మైళ్లకు ఇంతెందుకయిందని డ్రైవరు మీద అనుమానపడకండి. వీటి మీద సర్‌ఛార్జీలు ఉంటాయి. రాష్ట్ర రవాణా పన్ను 50 సెంట్లు, ఇంప్రూవ్‌మెంట్ సర్‌ఛార్జి 1 డాలరు. రాత్రి 8 నుంచి ఉదయం 6 దాకా 1 డాలరు. పని రోజుల్లో సాయంత్రం 4 నుంచి 8 దాకా అయితే 2.50. మాన్‌హటన్‌లో 96వ వీధికి దక్షిణాన తిరిగితే కంజెషన్ సర్‌ఛార్జి 2.50. 2025 జనవరి 5 నుంచి 60వ వీధి, దానికి దక్షిణంగా ఉన్న ప్రాంతాన్ని తాకే ప్రయాణాలకు ఇంకో 75 సెంట్లు.

ఇవన్నీ ఏకరువు పెట్టడానికి కారణం ఉంది. ఈ సర్‌ఛార్జీల్లో చాలా భాగం డ్రైవరుకు చేరదు, పైకి పోతుంది. అతని చేతికి మిగిలేవి మీటరు డబ్బు, సాయంత్రం లేదా రాత్రి పడే అదనపు సొమ్ము. టిప్పు ఇవ్వాల్సింది అతని పనికి గాబట్టి లెక్క వేయాల్సింది కూడా ఆ మొత్తం మీదే. కొన్ని తెరలు పన్నులు, టోలు అన్నీ కలిపిన మొత్తం మీద శాతం కట్టేస్తాయి.

పని రోజు సాయంత్రం 5 గంటలకు మాన్‌హటన్ మధ్యభాగమైన మిడ్‌టౌన్‌లో ఎక్కి మూడు మైళ్లు వెళ్లారనుకుందాం. దూరానికి, మైలుకు అయిదు చొప్పున పదిహేను మెట్లు, అంటే 10.50. ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలిచినందుకు 7. ఎక్కగానే పడిన 3తో కలిపి మీటరు సుమారు 20.50. సర్‌ఛార్జీలు 50 సెంట్లు, 1, 2.50, 2.50, 75 సెంట్లు కలిపి 7.25. కట్టాల్సింది 27.75. తెర మొత్తం మీద లెక్క వేస్తే 20 శాతం 5.55 అవుతుంది, 30 శాతం 8 డాలర్లు దాటుతుంది. మీటరుకు సాయంత్రపు 2.50 కలిపి 23 మీద వేసుకుంటే 20 శాతం 4.60, 15 శాతం 3.45. ఇక్కడ 4 డాలర్లు ఇస్తే మర్యాదకు లోటుండదు, 5 ఇస్తే బాగా ఇచ్చినట్టు. ఒక్క ప్రయాణానికి తేడా డాలరే కావచ్చు. వారం రోజులు, రోజుకు నాలుగుసార్లు ట్యాక్సీ ఎక్కే కుటుంబానికి అది చిన్న మొత్తం కాదు.

అసలు ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. సేవ బాగాలేకపోతే టిప్పు ఇవ్వకుండా ఉండొచ్చని టీఎల్‌సీ ప్రయాణికుల హక్కుల పత్రంలోనే రాసి ఉంది. అయినా ఇవ్వండి. అక్కడ చాలామంది డ్రైవర్లది సొంత బండి కాదు, షిఫ్టుకింత అని అద్దె కట్టి తోలుతారు. బేరాలు తగిలినా తగలకపోయినా ఆ అద్దె ఆగదు. 15 నుంచి 20 శాతం అక్కడి మామూలు, డ్రైవరు రోజు సంపాదన అంచనాలో అది కూడా ఉంటుంది. పన్నెండు డాలర్ల ప్రయాణానికి రెండు డాలర్లు ఇచ్చి నవ్వుతూ దిగితే సరిపోతుంది. పెద్ద పెట్టెలు డిక్కీలో పెట్టి దించితే పెట్టెకు డాలరో రెండో కలపండి. దారి తెలిసీ చుట్టూ తిప్పినా, ఏసీ వేయమంటే వేయకపోయినా, ఫోన్‌లో మాట్లాడుతూ తోలినా తగ్గించడానికి మొహమాటపడొద్దు.

కెన్నెడీ విమానాశ్రయం లెక్క వేరు, ఎక్కువ డబ్బు చేజారేదీ అక్కడే. మాన్‌హటన్‌కు, కెన్నెడీకి మధ్య ఎటు వెళ్లినా 70 డాలర్ల స్థిర చార్జీ. పని రోజుల్లో సాయంత్రం 4 నుంచి 8 మధ్య అయితే ఇంకో 5. ఎక్కగానే మీటరు మీద రేటు కోడ్ 2 అని ఉందో లేదో చూడండి. 1 ఉంటే మామూలు మీటరు తిరుగుతున్నట్టు, అప్పుడే చెప్పి మార్పించుకోవాలి. మిడ్‌టౌన్ నుంచి మధ్యాహ్నం బయల్దేరితే సర్‌ఛార్జీలతో 74.75 అవుతుంది, టోలు ఉంటే అది అదనం. దీని మీద 20 శాతం దాదాపు 15 డాలర్లు, 30 శాతం 22 దాటుతుంది. స్థిర చార్జీకి శాతాల లెక్క అక్కర్లేదు. 70కి 15 శాతం 10.50, 20 శాతం 14. సామాను తక్కువగా ఉంటే 10, నాలుగు పెట్టెలు మోస్తే 14 అని ముందే మనసులో అనుకుని ఎక్కండి. కెన్నెడీ దారిలో పడే క్వీన్స్ మిడ్‌టౌన్ సొరంగానికి టోలు ఉంది, క్వీన్స్‌బరో వంతెనకు లేదు. ఏ దారిన వెళ్లాలో చెప్పే హక్కు ప్రయాణికుడిదే. కాకపోతే విమానానికి టైము తక్కువుంటే ఆ కాసిని డాలర్లు చూసుకోకండి. పక్క రాష్ట్రం న్యూజెర్సీలోని న్యూఆర్క్ విమానాశ్రయానికి స్థిర చార్జీ లేదు. మీటరు మీద 20 డాలర్లు, టోలు కలుస్తాయి గాబట్టి, టిప్పును ఆ రెండూ తీసేసిన మొత్తం మీదే కట్టుకోవాలి.

తెర దగ్గర చేయాల్సింది ఇంతే. డ్రైవరు మీటరు ఆపగానే బిల్లు పద్దులవారీగా వస్తుంది. ముందు మీటరు అంకె, కింద సర్‌ఛార్జీలు చదవండి. కార్డు ఎంచుకుంటే శాతాల బొత్తాలు వస్తాయి. అవేవీ నొక్కకుండా, మీ అంకె మీరు వేసుకునే బొత్తాన్ని ఎంచుకుని, అనుకున్న డాలర్లు వేయండి. చుక్క ఎక్కడ పడిందో, 4 డాలర్లు 40 కాలేదు కదా అని చివరి మొత్తం చూసుకున్నాకే కార్డు తాకించండి. మీ దేశపు డబ్బులో కట్టమంటారా అని ఏ యంత్రమైనా అడిగితే వద్దనండి, డాలర్లే ఎంచుకోండి. మార్పిడి రేటు బ్యాంకు వేసేదానికంటే చాలాసార్లు ఎక్కువ పడుతుంది, టిప్పు మీద కూడా ఆ నష్టం కలుస్తుంది. కార్డుతో కట్టి టిప్పు నగదుగా ఇవ్వాలనుకుంటే తెర మీద సున్నా వేసి, నోటు చేతికిస్తూ టిప్పు ఇదని చెప్పండి. చెప్పకపోతే తెర మీది సున్నా చూసి అతను నొచ్చుకుంటాడు.

నగదుతో రెండు చిక్కులు. అమెరికా నోట్లన్నీ ఒకే కొలత, రంగులు కూడా చూపుకు దగ్గర దగ్గరగా ఉంటాయి. చీకట్లో 1 అనుకుని 10 ఇచ్చేయడం కొత్తవాళ్లకు తరచూ జరిగే పొరపాటు. నోటు ఇచ్చేటప్పుడు అంకె పైకి చదవండి. రెండోది చిల్లర. 20 డాలర్లకు మించిన నోటు తీసుకోవాల్సిన పని డ్రైవరుకు లేదు, ఏటీఎం నుంచి వచ్చేవేమో ఎక్కువగా 20లే. హోటల్ కౌంటరులోనో కిరాణా కొట్లోనో ముందే మార్చుకుని పది ఒంటి డాలరు నోట్లు, నాలుగు అయిదులు విడిగా జేబులో పెట్టుకుంటే వారానికి సరిపోతాయి. మీ ఊరి నాణేలు గుర్తుగా ఇవ్వాలని కొందరికి సరదా. నాణేలను డాలర్లలోకి మార్చేవాళ్లు దొరకరు, వాటితో డ్రైవరుకు ఏ ఉపయోగమూ ఉండదు.

విమానాశ్రయం లోపలే పక్కకు వచ్చి ట్యాక్సీ కావాలా అని అడిగేవాళ్ల వెంట వెళ్లకండి. అవి పసుపు ట్యాక్సీలు కావు, వాటికి ఈ మీటరు వర్తించదు. బయట ట్యాక్సీ వరస ఉంటుంది, అక్కడి నుంచే ఎక్కాలి. ఊబర్ లాంటి యాప్‌లో చార్జీ ముందే తెలుస్తుంది, ప్రయాణమయ్యాక కూడా టిప్పు కలపొచ్చు. హారన్ల మధ్య తేల్చుకోవాల్సిన అవసరం లేకపోవడం దాని సుఖం. వానలో, సాయంత్రం రద్దీలో యాప్ రేటు పెరుగుతుంది గానీ సాయంత్రపు 2.50 తప్ప మీటరు రేటు పెరగదు. ఆ వేళలో మా ఓటు పసుపు బండికే.

న్యూయార్క్ అలవాటును ఇంకో దేశానికి మాత్రం మోసుకెళ్లొద్దు. టోక్యోలో 2022 నవంబరు నుంచి మొదటి 1,096 మీటర్లకు 500 యెన్లు, రాత్రి 10 దాటితే 20 శాతం ఎక్కువ. అంతకు మించి ఒక్క యెన్ ఇవ్వనక్కర్లేదు. డబ్బు చిన్న పళ్లెంలో పెడతారు, చివరి యెన్ దాకా చిల్లర తిరిగొస్తుంది. వద్దని వదిలేస్తే డ్రైవరు ఇబ్బంది పడతాడు, అందుకే తీసుకోండి. ఎడమ తలుపు కూడా ఆయనే మీట నొక్కి తీస్తాడు, చేత్తో లాగకండి. సియోల్‌లో కూడా టిప్పు లేదు. జర్మనీలో బిల్లు 18.60 యూరోలయితే 20 నోటు ఇచ్చి 'ష్టిమ్ట్ జో' అంటారు, చిల్లర ఉంచుకోమని. నోరు మెదపకుండా నోటిస్తే చిల్లర మొత్తం వెనక్కి వస్తుంది. లండన్ నల్ల క్యాబ్‌లో పై పౌండుకు సరిచేయడమో, బాగా నచ్చితే 10 శాతమో ఇస్తారు. 2016 అక్టోబరు నుంచి అక్కడ అన్ని క్యాబ్‌లూ కార్డు తీసుకోవాలి. దుబాయ్‌లో, బ్యాంకాక్‌లో పై అంకెకు సరిచేస్తే చాలు.

మళ్లీ న్యూయార్క్‌కు వస్తే, నగదు కట్టినా సరే రసీదు అడిగి తీసుకోండి. బండి మెడాలియన్ నంబరు, అంటే ట్యాక్సీ లైసెన్సు నంబరు, దాని మీద ఉంటుంది. మొదట అంకె, తర్వాత ఇంగ్లిషు అక్షరం, తర్వాత రెండు అంకెలు. ఫోను సీట్లో మరిచిపోయినా, టిప్పులో చుక్క జారి కార్డు మీద ఎక్కువ పడినా నగరపు సహాయ నంబరు 311కి ఫోన్ చేస్తే మొదట అడిగేది ఆ నంబరే. నగదు ఇచ్చి రసీదు లేకుండా దిగినవాళ్ల బండిని పదమూడు వేలకు పైగా ఉన్న మెడాలియన్లలో వెతికి పట్టుకోవడం చాలా కష్టం.