పాత కరోలానా, మియాటానా? రెండూ ఏళ్ళ తరబడి తోలాక నా లెక్క

ముందే చెప్పేస్తున్నా, నేను మెకానిక్‌ని కాదు, నాలుగు బోల్టులు విప్పితే మళ్ళీ బిగించేసరికి ఒకటి చేతిలో మిగిలిపోయే రకం. అయినా ఎందుకు రాస్తున్నానంటే ఈ రెండేళ్ళలో కనీసం నలుగురు ఫ్రెండ్స్ ఇదే మాట అన్నారు, "ఆ డొక్కు కరోలా మీద ఇంకా డబ్బులు పొయ్యడం ఎందుకు బాబూ, అది వదిలించుకుని ఆ స్పోర్ట్స్ కారు మియాటా ఒక్కటే తోలుకో" అని. తోలి చూశా. ఏడు నెలలు. ఆ ఏడు నెలల కథే ఇది.

కార్లు ఏంటో చెప్తా. ఒకటి 2009 టొయోటా కరోలా ఎల్ఈ, 1.8 లీటర్ ఇంజను, 132 హార్స్‌పవర్, నాలుగే నాలుగు గేర్ల ఆటోమేటిక్. 2012లో మొదటి జాబ్ రాగానే కొన్నా, అప్పటికి 41 వేల మైళ్ళు తిరిగింది, ఇప్పుడు 2,12,000 దాటింది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళుండే ఏ అపార్ట్‌మెంట్‌కెళ్ళినా పార్కింగ్‌లో ఇలాంటివి పది కనిపిస్తాయి కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కొన్నరోజే ఫ్రిస్కో హనుమాన్ గుడికి తీసుకెళ్ళి పూజ చేయించా, టైర్ల కింద పెట్టిన నిమ్మకాయల్లో ఒకటి నలక్కుండా పక్కకి దొర్లిపోతే పంతులుగారు వెనక్కి తియ్యమని మళ్ళీ పెట్టించారు. ఆ రెండో నిమ్మకాయ బలమే ఇప్పటికీ నడిపిస్తోందని మా ఆవిడ థియరీ.

రెండోది 2013 మాజ్డా మియాటా, నల్ల సాఫ్ట్‌టాప్ (వెనక్కి మడిచేసే గుడ్డ టాప్), ఆరు గేర్ల మాన్యువల్, 2.0 లీటర్, 167 హార్స్‌పవర్. 2020 డిసెంబర్లో 38 వేల మైళ్ళతో కొన్నా. ఆ నంబర్లు చూసి ఇదేం స్పోర్ట్స్ కారు అని నవ్వినవాళ్ళున్నారు, ఇవాళ ఫ్యామిలీ కార్లకే అంతకంటే ఎక్కువ పవర్ ఉంటోంది, నిజమే. కానీ బండి మొత్తం బరువు 1,130 కిలోలు అటూ ఇటుగా, ఇంజను ముందు, తోసేది వెనక చక్రాలు, కూర్చునేది ఇద్దరు. 1989లో చికాగో ఆటో షోలో మొదటిది చూపించినప్పట్నుంచి అదే వంటకం, మసాలా మార్చలేదు, 2016లో పదిలక్షవ కారు తయారైంది కూడా. నాకు మాత్రం కొనడానికి అసలు కారణం గేరు రాడ్డు. చిన్నప్పుడు మా నాన్న మారుతీ 800లో గేర్లు నేర్చుకున్నా, ఇక్కడికొచ్చాక ఎనిమిదేళ్ళు ఎడమ కాలికి పనే లేదు.

2023 జూలైలో కరోలా కింద గులాబీ రంగు మరక కనిపించింది, అది కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం). ఇంటి దగ్గర ఒక షాపుకి తీసుకెళ్తే (పేరు వద్దు) అరగంట చూసి హెడ్ గాస్కెట్ (ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందన్నాడు, రిపేరుకి 3,800 డాలర్లు, "కారు విలువే అంత లేదు, మాకే 700కి ఇచ్చెయ్" అన్నాడు. అదే మాట ఇంకెవరైనా అంటే నమ్మేవాణ్ణేమో, రిపేరు చెప్పినోడే కొంటాననేసరికి అనుమానమొచ్చింది. మా కొలీగ్ చెప్పిన ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన టార్చ్ వేసి ఇంజను పక్కన చూపించాడు, వాటర్ పంపు (ఇంజన్లో కూలెంట్‌ని తిప్పేది) చుట్టూ ఎండిపోయిన గులాబీ పెచ్చు, గోడ మీద సున్నం పెచ్చులూడినట్టు. ఈ ఇంజన్లో పంపు బయట బెల్టు మీద తిరుగుతుంది, ఇంజను లోపలి టైమింగ్ చెయిన్ జోలికి పోనక్కర్లేదు కాబట్టి పని సులువే. పంపు, బెల్టు, కూలెంట్ కలిపి 520 అయింది. ఈ ఇంజన్లలో లక్ష మైళ్ళు దాటాక వాటర్ పంపు కారడం మామూలే, గాస్కెట్ అనేముందు అక్కడ చూడాలి.

సరిగ్గా అప్పుడే మా మేనల్లుడు రిచర్డ్‌సన్‌లో ఎమ్మెస్‌కి వచ్చాడు. ఆగస్టు ఎండలో వాడు బస్సుల కోసం నిలబడ్డం చూడలేక కరోలా తాళాలు చేతిలో పెట్టేశా. మా ఆవిడ కారు పాప స్కూలుకీ ఇంటి పనులకీ. ఇక నాకు మిగిలింది మియాటా. లోపల్లోపల సంతోషపడ్డా కూడా, రోజూ స్పోర్ట్స్ కార్లో ఆఫీసుకెళ్ళే యోగం ఎంతమందికుంటుంది చెప్పండి.

మొదటి రెండు వారాలు పండగే. ఆలెన్ నుంచి డౌన్‌టౌన్‌కి 75 హైవే మీద పాతిక మైళ్ళు, తెలిసినవాళ్ళకి పొద్దున ఎనిమిదింటికి ఆ రోడ్డు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఫస్టు, న్యూట్రల్, ఫస్టు, సెకండు, మళ్ళీ న్యూట్రల్. మూడో వారానికి ఎడమ మోకాలు మెట్లెక్కేటప్పుడు గుర్తు చెయ్యడం మొదలుపెట్టింది. దానికి తోడు ఈ కారు ఎంత కిందకి ఉంటుందంటే పక్కన పెద్ద పికప్ ట్రక్కు ఆగితే నా కళ్ళకెదురుగా దాని టైరు నట్లుంటాయి, వాడికి నేనున్నానని తెలీదు, రెండుసార్లు నా మీదకే లేన్ మారబోయారు, హారన్ మీద చెయ్యి తియ్యకుండా తోలాల్సొచ్చింది. అది సరదా కాదు.

తర్వాత పంక్చర్. డాలస్ నార్త్ టోల్‌వే మీద సాయంత్రం ఆరింటికి వెనక టైరు కూర్చుంది. ఈ మోడల్లో స్టెప్నీ ఉండదు, కంపెనీ ఇచ్చేది ఒక జిగురు సీసా, చిన్న గాలి పంపు. కొన్నప్పుడే తెలుసు, కానీ తెలియడం వేరు షోల్డర్ మీద లారీలు ఊపేస్తుంటే ఆ సీసా ఎక్కించుకోవడం వేరు. టైరు పక్క గోడ కోసుకుంది, అలాంటి చోట జిగురు పనిచెయ్యదు. టో ట్రక్కు కోసం గంటన్నర. కరోలాలో అయితే చిన్న స్టెప్నీ ఉంటుంది, పదిహేను నిమిషాల పని.

బియ్యం సంగతి మా ఆవిడ కచ్చితంగా రాయమంది. డిక్కీ 150 లీటర్లు. ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తా ఒకటి, దాని పక్కన కూరగాయల సంచి, అయిపోయింది. దోసకాయలు నా పక్క సీట్లో సీటు బెల్టు పెట్టుకుని వచ్చాయి, లేకపోతే మనిషి ఎక్కాడనుకుని అది కుయ్యోమంటూనే ఉంటుంది.

సంక్రాంతికి మా నాన్న వచ్చారు. గుడికి వెళ్దామని ఎక్కబోతూ ఒక కాలు లోపల పెట్టి, ఒక చేత్తో డోరు పట్టుకుని, అలాగే ఆగిపోయి "ఒరేయ్, ఇది ఎక్కడమా, దిగడమా?" అన్నారు. ఎక్కాక "పీటేసుకుని కూర్చున్నట్టుంది" అన్నారు. కానీ సిగ్నల్ దగ్గర నేను థర్డ్ నుంచి సెకండ్‌కి వేస్తుంటే గమనించి, "క్లచ్ మీద కాలు ఆనించి తోలుతున్నావు, అరిగిపోద్ది" అని ముప్పై ఏళ్ళ కిందటి తిట్టే మళ్ళీ తిట్టారు. నిజంగానే ఆనిస్తున్నా. మోకాలి నొప్పికి సగం కారణం అదే అని తర్వాత తేలింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ నీళ్ళు. రోజూ వాడకం కదా అని గరాజ్‌లో పెట్టడం మానేసి ఇంటి ముందు ఓక్ చెట్టు కింద పెట్టేవాణ్ణి. ఈ కార్లో టాప్ మీద పడ్డ వాన నీళ్ళు సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న కాలవల్లోంచి కిందకి పోతాయి, ఆకులూ చెత్తా చేరి అవి పూడితే నీళ్ళు లోపలికే వస్తాయి. తెలిసిన విషయమే, ఆర్నెల్లకోసారి శుభ్రం చేసుకోవాలి, నేను చెయ్యలేదు, తప్పు నాదే. ఫిబ్రవరిలో ఒకరోజు రెడ్ లైట్ దగ్గర బ్రేకు వేస్తే నా వీపు వెనకాల గళగళ మని చప్పుడు. ముందు వాటర్ బాటిల్ అనుకున్నా. ఇంటికొచ్చి సీటు వెనక కార్పెట్ నొక్కితే స్పాంజి పిండినట్టు నీళ్ళు. సీట్లు రెండూ పీకించి, కార్పెట్ నాలుగు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టి, అయినా ఏప్రిల్ దాకా తలుపు తీస్తే తడి గోనెసంచి వాసన.

మార్చి నాటికి లెక్క చూసుకుంటే ఏడు నెలల్లో దాదాపు 9 వేల మైళ్ళు పెరిగాయి. ట్రాఫిక్‌లో గ్యాలన్‌కి 22 మైళ్ళు, అదీ ప్రీమియం గ్యాస్ మీద. కరోలా రెగ్యులర్ గ్యాస్‌తో 29 ఇస్తుంది. మెత్తటి సమ్మర్ టైర్లు వేయించుకున్నా షోకుగా, వెనకవి సగం పైన అరిగిపోయాయి. ఇవన్నీ సరే, డబ్బుదేముంది. నాకు బాధేసింది ఇంకో దానికి. ఒక శనివారం పొద్దున, ఎండ బాగుంది, చల్లగా ఉంది, టాప్ తీసి తిరగడానికి టెక్సస్‌లో ఏడాదికి అలాంటి రోజులు ఎన్నో ఉండవు (వేసవిలో టాప్ తీస్తే మాడు కాలుద్ది, వసంతంలో వడగళ్ళ భయం), అయినా తాళాలు చేతిలోకి తీసుకోబుద్ధి కాలేదు. వారమంతా ఆఫీసుకి లాక్కెళ్ళిన కారే కదా అనిపించింది. మూడేళ్ళలో మొదటిసారి.

ఆ సాయంత్రమే మేనల్లుడికి ఫోన్ చేశా. వాడికి క్యాంపస్ పక్కనే రూమ్ దొరికింది, కారు పెద్దగా అవసరం లేదు. "మామా, తీసుకెళ్ళు, ఏసీ ఆన్ చేస్తే బండి దగ్గుతోంది" అన్నాడు. కరోలా ఇంటికొచ్చింది, వెనక సీట్లో రెండు చిప్స్ ప్యాకెట్లు, ఒక పార్కింగ్ టికెట్టుతో సహా.

ఇక అసలు లెక్క, జనం తప్పు చేసేది ఇక్కడే. రిపేరు ఖర్చుని కారు విలువతో పోల్చి చూస్తారు, "నాలుగు వేల కారుకి వెయ్యి పెడతావా" అని. కారుని అమ్ముకునేవాడికి ఆ పోలిక కావాలి, తోలుకునేవాడికి దాంతో పనేంటి? నేను పోల్చాల్సింది ఆ కారు లేకపోతే నెలనెలా నేను కట్టాల్సిన దాంతో. వాటర్ పంపు, 2024లో నాలుగు స్ట్రట్లకి (షాక్ అబ్జార్బర్లు) 940, ఆయిల్ మార్పులు, ఒక సెట్టు టైర్లు, బ్రేకులు, అన్నీ కలిపి మూడేళ్ళ సగటు నెలకి 110 డాలర్లు పడింది. కొత్త కారు ఏది చూసినా వాయిదానే 500 దగ్గర చెప్పారు, పైన ఫుల్ ఇన్సూరెన్సు. కరోలాకి నేను లయబిలిటీ (అవతలివాళ్ళ నష్టానికి మాత్రమే ఇచ్చే ఇన్సూరెన్సు) మాత్రమే ఉంచా, మొన్న వడగళ్ళకి టాప్ మీద పది సొట్టలు పడితే చెయ్యి పెట్టి తడిమి వదిలేశా. అదే వాన మియాటా గుడ్డ టాప్ మీద పడుంటే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు.

పాత కారుకి ఏం చెయ్యాలో కూడా పెద్ద శాస్త్రమేం లేదు. 5 వేల మైళ్ళకి ఆయిల్ (రెండు మార్పుల మధ్యలో ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీసి చూడటం మర్చిపోవద్దు), ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ నేను 60 వేలకోసారి మార్పించా, ఇంకా కొత్త చప్పుడు వినిపిస్తే రేడియో సౌండు పెంచకుండా ఉండటం. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు, ఎమిషన్ టెస్టు (పొగ పరీక్ష) మాత్రం మా కౌంటీల్లో ఇంకా ఉంది. ఇక్కడ నేను బోల్తా పడింది మళ్ళీ మియాటాతోనే. చలికాలం నెలన్నర కదల్చక బ్యాటరీ చచ్చింది, కొత్తది వేసి నేరుగా టెస్టుకి వెళ్తే ఫెయిల్. బ్యాటరీ తీస్తే కంప్యూటర్ మెమరీ చెరిగిపోతుంది, కొన్ని రోజులు హైవే మీదా ఊళ్ళోనూ తిప్పాకే అది టెస్టుకి రెడీ అవుతుంది. ఇప్పుడు గరాజ్‌లో ఉన్నన్నాళ్ళూ చిన్న ఛార్జర్ తగిలించి ఉంచుతున్నా.

మియాటాని తిడుతున్నానని అనుకోవద్దు. పోయిన నవంబర్లో మా ఆవిడా నేనూ టాలిమెనా డ్రైవ్‌కి వెళ్ళాం, ఓక్లహోమాలో టాలిహీనా నుంచి ఆర్కన్సాలో మీనా దాకా కొండల నెత్తి మీదుగా 54 మైళ్ళు. ఆకులన్నీ ఎర్రగా, టాప్ తీసేసి, హీటర్ కాళ్ళ మీదకి తిప్పుకుని, సెకండ్ నుంచి థర్డ్, మళ్ళీ సెకండ్. స్పీడు చూస్తే 45 కూడా దాటలేదు. ఒంపు దగ్గర స్టీరింగు కొంచెం తిప్పగానే నడుము కింద వెనక చక్రాలు పట్టు దొరకబుచ్చుకోవడం తెలుస్తుంది, దాన్ని మాటల్లో చెప్పడం నా వల్ల కాదు, సైకిల్ మీద చేతులు వదిలేసి మొదటిసారి మలుపు తిరిగినప్పటి సంగతిలాంటిది. మా ఆవిడ శ్రీశైలం ఘాట్ రోడ్డులా ఉందంది, కోతులొక్కటే తక్కువ. ఆ కారుని 75 మీద ఫస్టు గేర్లో అరగదీశానే అని ఆ రోజు నిజంగా సిగ్గేసింది.

కాబట్టి ఒక్కదానికే చోటుంటే, గరాజ్ లేకపోతే, ట్రాఫిక్‌లో ఆఫీసుకెళ్ళాల్సిన పని ఉంటే నేనైతే స్పోర్ట్స్ కారు వద్దంటా, ఎంత చవగ్గా దొరికినా సరే. రెండూ పెట్టుకునే వీలుంటే, పాత కారు మీద ఆ 110 ఖర్చుపెట్టడానికి ఏడవకండి, స్పోర్ట్స్ కారుని కాపాడుతున్నది అదే.

మేనల్లుడికి మొన్న మే నెలలో జాబ్ వచ్చింది. "మామా, నీ దగ్గర రెండున్నాయి కదా, ఒకటి నాకు అమ్ము" అన్నాడు. మియాటాకి రేటు చెప్పా. "అది కాదు మామా, కరోలా" అన్నాడు. టాపిక్ మార్చేశా.