అంబాసిడర్ ఇంజిన్‌లో ట్యాపెట్లు, ఆయిల్: చాలాకాలం వాడాక చెబుతున్న మాట

రాకర్ కవర్ (ఇంజిన్ పైమూత) విప్పి ఇంజిన్‌ను స్లోలో పెడితే, వాల్వులను తెరిపించే ఎనిమిది పుష్‌రాడ్లూ తమ చుట్టూ తాము మెల్లగా తిరుగుతూ కనిపిస్తాయి. అది చూడటం నాకు ఇప్పటికీ పెద్ద సంతోషం. మా మార్క్ 4 అంబాసిడర్ పెట్రోల్ ఇంజిన్ దించి పని చేయించాక నెల్లూరు ఎండాకాలాలు చాలానే గడిచాయి. బోరింగ్, పిస్టన్లు, క్రాంక్ సంగతి అందరికీ తెలిసిందే, వాటి జోలికి పోను. ట్యాపెట్ తిరుగుతోందా లేదా అన్నదాని గురించే నేను రాయాలనుకుంటున్నాను. ట్యాపెట్ అంటే, క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు (దాన్నే లోబు అంటారు) లేపినప్పుడు పుష్‌రాడ్‌ను పైకి తోసే చిన్న లోహపు ముక్క. దాన్ని పట్టించుకునేవాళ్లు మన వైపు తక్కువ.

ఈ 1489 సీసీ ఇంజిన్‌లో ట్యాపెట్ అడుగుకు రోలర్ ఉండదు. క్యామ్ మీద నేరుగా రుద్దుకుంటూనే పైకి లేస్తుంది. ఇలాంటి ట్యాపెట్ అడుగు చూపుకు చదునుగానే ఉంటుంది గానీ, మధ్యలో వెంట్రుకవాసి ఉబ్బి ఉండాలి. ఆ ఉబ్బు వల్ల క్యామ్ తాకే చోటు నట్టనడుమ పడకుండా కాస్త పక్కకు పడుతుంది. అలా పడినప్పుడల్లా ట్యాపెట్ కొంచెం తిరుగుతుంది, రాపిడి ఒక్కచోటే పడకుండా అడుగంతా పంచుకుంటుంది. ఆ ఉబ్బు లేకపోతే ఏమవుతుందో మా బండిలోనే చూశాం.

క్యామ్‌షాఫ్ట్‌ను చెన్నైలో గ్రైండింగ్ చేయించి, ట్యాపెట్ల సెట్టు కూడా అక్కడే కొన్నాం. కొత్త డబ్బా, నూనె కాగితంలో చుట్టి ఉన్న సరుకు. మా మేస్త్రి పని తెలిసినవాడు. లోబులకు, ట్యాపెట్లకు మాలీ పేస్టు (రాపిడి తగ్గించే నల్లటి ముద్ద) పట్టించాడు. స్టార్ట్ అయిన మరుక్షణం నుంచి ఇరవై నిమిషాలు స్లోకి రానివ్వకుండా రెండు వేల ఆర్‌పీఎం దగ్గర నిలబెట్టాడు. క్రాంక్ చిమ్మే ఆయిలే క్యామ్‌కు ఆధారం, స్లోలో అది సరిగా అందదు. ఇంజిన్ చప్పుడు లేకుండా నడిచింది. కొన్ని నెలలు నేను మురిసిపోయాను, అడిగినవాళ్లందరికీ నేను పోసిన లారీ ఆయిలే పోయమని చెప్పాను.

ఒకరోజు సాయంత్రం కావలి నుంచి వస్తూ కొడవలూరు దాటాక టిక్ టిక్‌మని మొదలైంది. మరుసటి రోజు మేస్త్రి, వాల్వులకూ వాటిని నొక్కే రాకర్లకూ మధ్య గ్యాప్ చూశాడు. ముందు నుంచి ఐదోది, అంటే మూడో సిలిండర్ ఎగ్జాస్టుది, బాగా ఎక్కువుంది. నాలుగోది పూర్తిగా తెరిచి ఐదోదాన్ని పదిహేను థౌకి (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) బిగించాడు. ఈ ఇంజిన్‌కు తొమ్మిది లెక్క, తెరిచిన వాల్వు నంబరూ బిగించే వాల్వు నంబరూ కలిపితే తొమ్మిది రావాలి. వారం తిరక్కుండానే మళ్లీ అదే చప్పుడు, అదే వాల్వు. మళ్లీ బిగించాడు. మూడోసారి ఫీలర్ గేజ్ (గ్యాప్ కొలిచే పలచటి రేకు) పెట్టి చూసి పక్కన పెట్టేశాడు. "అన్నా, బిగించే కొద్దీ లూజవతా ఉండాది. లోపల తింటా ఉంది, విప్పుదాం" అన్నాడు.

గ్యాప్ తగ్గుతూ వస్తే వాల్వు తన సీటులోకి (మూసుకున్నప్పుడు ఆనే అంచులోకి) దిగుతోందని అర్థం. పెరుగుతూ వస్తే క్యామో ట్యాపెట్టో అరుగుతోంది. అందుకే ఎప్పుడు ఎంత గ్యాప్ ఉందో రాసిపెట్టుకోవడం నాకు అలవాటైంది.

రాకర్ షాఫ్ట్ దించాలంటే హెడ్ నట్లు కూడా వదులు చేయాలి, కొన్ని నట్లు రెండింటికీ ఒకటే. రేడియేటర్ నీళ్లు దించి, షాఫ్ట్ తీసి, పుష్‌రాడ్లు వరసగా పెట్టుకుని, ఇంజిన్ పక్క కవర్లు విప్పాం. ఏడు ట్యాపెట్ల అడుగున గుండ్రంగా మెరుస్తున్న గీతలున్నాయి. ఐదోదాని అడుగు గరిటెలా గుంటపడి ఉంది, అంచున చిన్న పెచ్చు లేచిపోయింది. గీత కూడా గుండ్రంగా లేదు, ఒకే అడ్డగీత. పెట్టిన రోజు నుంచీ అది తిరగనేలేదన్నమాట. క్యామ్ మీద దాని లోబు ముక్కు వేలితో తడిమినా తెలిసేంత అరిగింది. ఆ పొడంతా ఆయిల్‌లోకే పోయింది కాబట్టి ఇంజిన్ మళ్లీ దించాల్సి వచ్చింది. ఆయిల్ ఛాంబర్ కడగడం, ఆయిల్ పంపు విప్పడం, బేరింగులు మార్చడం, క్యామ్ ఇంకోటి చేయించడం. ఒక్క ట్యాపెట్ కోసం! డబ్బు కంటే, మేస్త్రి అంత శ్రద్ధగా కట్టిన పని పాడైనందుకు నాకు బాధేసింది.

రెండో సెట్టుకు చెన్నైలో బండి విడిభాగాలు దొరికే పుదుపేట అంతా తిరిగి పాత స్టాకు సంపాదించాం. ఈసారి షాపులోనే ఒక్కోదాన్ని చూశాం. రెండు ట్యాపెట్లను అడుగూ అడుగూ ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, ఉబ్బు ఉన్నవి కాస్త ఊగుతాయి, అంచుల దగ్గర సన్నగా వెలుగు కనిపిస్తుంది. ఉబ్బు లేనివి అతుక్కుని కూర్చుంటాయి. షాపతను విసుక్కున్నాడు, అయినా కొన్నింటిని వెనక్కిచ్చి వేరేవి తీసుకున్నాం. ఇంటికొచ్చాక ఒక్కో పుష్‌రాడ్‌కు పెయింట్ చుక్క పెట్టి, స్టార్ట్ చేయగానే చుక్కలన్నీ కదులుతున్నాయో లేదో చూసి అప్పుడు కవర్ బిగించాం. అన్నీ తిరిగాయి. అప్పటి నుంచి గ్యాప్ కదల్లేదనే చెప్పాలి. కొత్త క్యామ్‌కు పాత ట్యాపెట్లు వేయకూడదు. పాత క్యామే ఉంచేటప్పుడు ఏ లోబు ట్యాపెట్ ఆ లోబుకే పోవాలి. ఈ రెండు మాటలూ మా మేస్త్రి వచ్చినవాళ్లందరికీ చెబుతాడు.

ఇక ఆయిల్. నేను పోస్తున్నది లారీల్లో పోసే 15డబ్ల్యూ40 గ్రేడు ఆయిల్, సీఐ-4 ప్లస్ రకం. కారణం జింకు, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ అనే మందు. ఒత్తిడి, వేడి ఎక్కువైన చోట అది లోహం మీద సన్నటి పొరలా పేరుకుని క్యామ్‌నూ ట్యాపెట్‌నూ కాపాడుతుంది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ పాడుచేస్తుందని, 2004లో వచ్చిన ఏపీఐ ఎస్‌ఎం అనే ఆయిల్ ప్రమాణం నుంచి 5డబ్ల్యూ30 లాంటి పలచటి పెట్రోల్ ఆయిళ్లలో దాన్ని 0.08 శాతానికి కట్టేశారు. 20డబ్ల్యూ50 లాంటి చిక్కటి గ్రేడులకు ఆ కట్టుబాటు లేదు. కాబట్టి కొత్త కార్ల ఆయిల్ ఎంత ఖరీదైనదైనా మన పాత ఇంజిన్‌కు నేను పోయను. విడిగా జింకు సీసా కొని కలపడం కూడా నాకు ఇష్టం లేదు, మోతాదు మించితే అదీ చెరుపే.

అయితే మొదటిసారి ట్యాపెట్ పోయినప్పుడు ఉన్నదీ ఈ ఆయిలే, ఇప్పుడు చక్కగా నడుస్తున్నదీ దీంతోనే. ఆయిల్ మంచిదే, దాని పని అది చేస్తుంది. కాకపోతే రోహిణి కార్తెలో హైవే మీద గంటసేపు తోలి మూలాపేట సందుల్లోకి వచ్చేసరికి, స్లోలో ప్రెషర్ మీటరు ముల్లు నాకు నచ్చనంత కిందికి దిగుతుంది. అందుకని ఏప్రిల్‌లో ఆయిల్ మార్చేటప్పుడు మాత్రం 20డబ్ల్యూ50 పోస్తున్నాను. ఈ ఇంజిన్‌లో క్రాంక్ వెనక రబ్బరు సీలు ఉండదు, ఆయిల్‌ను లోపలికి తోసే, స్క్రూ మర లాంటి గాడి మాత్రమే ఉంటుంది. చిక్కటి ఆయిల్ పోస్తే అక్కడ కారడం కూడా తగ్గింది.

వాల్వుల విషయంలో సీట్లు ఒక్కటే చెప్పుకోదగ్గది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే. ఆ సీసమే పాత ఇంజిన్లలో ఎగ్జాస్టు సీటును కాపాడేది. గట్టి సీట్లు కొట్టించాం, గ్యాప్ తగ్గడం ఒక్కసారీ చూడలేదు. గట్టి స్ప్రింగులు వేయమని ఒకరిద్దరు చెప్పారు, వేయలేదు. స్ప్రింగు గట్టిపడితే ఆ భారమంతా లోబు ముక్కు మీదే పడుతుంది.

నా బండి వారానికోసారి కావలి దాకానో, ఎప్పుడన్నా ఒంగోలు దాకానో పోయొస్తుంది, బరువు మోయదు. ఇంటికి దగ్గర్లో ఓపికున్న మేస్త్రి ఉన్నాడు. రోజూ కిరాయికి తిరిగే బండికో, గ్యాస్‌కు మార్చిన బండికో నా లెక్క సరిపోతుందని చెప్పలేను. గ్యాస్ మీద సీట్ల మీద పడే దెబ్బ వేరు. పాత స్టాకు ట్యాపెట్లు కూడా అడిగినప్పుడల్లా దొరకవు. మాకు దొరికాయి, మిగిలిన రెండింటికి గ్రీజు పట్టించి దాచాను. ఇప్పుడు రాకర్ మొనల మీద చిన్న గుంటలు కనిపిస్తున్నాయి. ఫీలర్ గేజ్ ఆ గుంటను దాటేసి ఉన్న గ్యాప్ కంటే తక్కువ చూపిస్తుంది, కాబట్టి నేను రాసిపెట్టుకున్న అంకెల్లో ఈ మధ్యవాటిని పూర్తిగా నమ్మలేను. రాకర్లు, షాఫ్ట్ సంక్రాంతి అయ్యాక మార్పిస్తున్నాం.