కొండ లైన్ల హైడ్రో టెస్టుకు రోథెన్‌బర్గర్ ఆర్‌పీ50 హ్యాండ్ పంపు ఎంతవరకు పనికొస్తుంది?

పాడేరు, అరకు వైపు కొండ ఊటను పైపుల్లో ఊళ్లకు దింపే చోట చాలాసార్లు కరెంటు ఉండదు, బండి పోదు. అలాంటి చోటికి చేత్తో మోసుకెళ్లి, నీళ్లు నింపిన లైనుకు ప్రెషర్ ఎక్కించి లీకులు చూడటానికి (అదే హైడ్రో టెస్టు) వాడే పంపు ఇది. 12 లీటర్ల తొట్టి, 60 బార్ (ఒక బార్ అంటే సుమారు 10 మీటర్ల నీటి ఎత్తు) దాకా ప్రెషర్, అరంగుళం కనెక్షన్, స్ట్రోకుకు సుమారు 45 మిల్లీలీటర్లు. కొనేవాళ్లు 60 బార్ చూసి మురిసిపోతారు. అసలు లెక్కేసుకోవాల్సింది ఆ 45 మిల్లీలీటర్లను.

100 ఎంఎం డీఐ (డక్టైల్ ఇనుము) లైను కిలోమీటరుకు 7,850 లీటర్లు పడుతుంది. గాలి లేకుండా నింపితే 10 బార్ ఎక్కించడానికి మరో నాలుగైదు లీటర్లు చాలు, అంటే వంద స్ట్రోకులు. ఏ మిట్ట మీదో 100 లీటర్ల గాలి చిక్కుకుందా, దాన్ని నొక్కడానికే 90 లీటర్లు పోయాలి: 2,000 స్ట్రోకులు! ప్రెషర్ గేజ్ ముల్లు కదలడం లేదని లీకు కోసం గోతులు తవ్వకండి. కింది కొస నుంచి నిదానంగా నింపుతూ, ప్రతి మిట్ట మీదా గాలి వదిలే ఎయిర్ వాల్వు నుంచి బుడగలు ఆగి నిండు ధార వచ్చాకే మూయండి.

హెచ్‌డీపీఈ (సాగే గుణమున్న ప్లాస్టిక్) పైపులకు మాత్రం ఇది వద్దు. 110 ఎంఎం, పీఎన్ 10 (10 బార్ రేటింగ్) పైపు అదే దూరానికి, అదే 10 బార్‌కు తాను సాగుతూ వంద లీటర్ల దాకా తాగేస్తుంది. ఆ తర్వాతా సాగుతూనే ఉంటుంది కాబట్టి లీకు లేకపోయినా ముల్లు దిగుతుంది. ఆ లైన్లకు ఇంజన్‌తో నడిచే పంపు ఒక్కటే దారి.

పంపు మీది గేజ్‌నే నమ్ముకోవద్దు. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు సీటు మీద ఇసుక రేణువు పడితే నీళ్లు తొట్టిలోకి వెనక్కొస్తాయి, తప్పు లైను మీద పడుతుంది. పంపుకీ లైనుకీ మధ్య రెంటినీ వేరు చేసే ఐసోలేషన్ వాల్వు, దానికి లైను వైపు వేరే గేజ్ పెట్టండి. తొట్టిలో పోసే నీళ్లు గుడ్డలో వడకట్టండి.

పంపును లోయలోనే పెట్టాలి. 60 మీటర్ల ఎత్తు తేడాకు 5.9 బార్. పైన కూర్చుని 15 చూపిస్తే అడుగున 20.9 పడుతుంది. అడుగున 15 ఉంటే పైన 9.1 మాత్రమే. అడుగున మించకుండా, పైన చాలినంత ఉండేలా రెండూ కుదరకపోతే లైనును ముక్కలు చేసి టెస్టు చేయాలి. 15 బార్ దగ్గర 100 ఎంఎం ఎండ్ క్యాప్ (పైపు కొస మూత) మీద తోపు 1.6 టన్నులు దాటుతుంది. దాని ఎదురుగా మనిషి నిలబడకూడదు.

టెస్టు అయ్యాక లైన్లో నీళ్లు దింపేటప్పుడు ముందు పై ఎయిర్ వాల్వు తెరిచి, తర్వాతే కింద నీళ్లు వదిలే వాష్ అవుట్ వాల్వు తిప్పండి. వరుస తప్పితే లోపల వాక్యూమ్ ఏర్పడి పల్చటి పీవీసీ పైపు నొక్కుకుపోతుంది.