తోలుపట్టీ, ఆకుపచ్చ పేస్టు: నాలుగేళ్లు వాడాక

చెక్క చెక్కే ఉలుల అంచును పేస్టు పూసిన తోలుపట్టీ మీద లాగి పదును నిలుపుకుంటాను. ముందే చెప్పాలి: తోలుపట్టీ ఉన్న పదునును నిలబెడుతుంది, పోయిన పదునును తెచ్చివ్వదు. అంచుకు గంటు పడినా, వెలుతురులో తెల్లటి గీతలా మెరిసినా 1000 గ్రిట్ సానరాయికి వెళ్లాల్సిందే, ఆపైన 4000 (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నునుపు). రాయి మీద రుద్దుతుంటే అవతలి వైపు గోటికి తగిలేలా సన్నటి ఇనుప పొర లేస్తుంది. అంచు పొడవునా అది లేచాకే పట్టీ పని మొదలు.

నా పట్టీ చదునైన చెక్కకు అతికించిన 2 మి.మీ. గట్టి తోలు. అంతకుముందు వాడిన మందపాటి మెత్తని తోలు అంచును పాడుచేసింది. ఉలి కింద అది కుంగి, ఉలి దాటగానే పైకి లేచి అంచును గుండ్రం చేస్తుంది. వేలికి పదునుగానే తోస్తుంది. కానీ చెక్కలో దిగాలంటే పిడిని రోజురోజుకూ ఇంకాస్త పైకెత్తాల్సి వస్తుంది. గుర్తు అదే.

పేస్టు క్రోమియం ఆక్సైడ్, రేణువు సుమారు అర మైక్రాన్. క్రేయాన్‌తో గీసినంత పలుచగా చాలు. మందంగా పూస్తే గడ్డలు కడుతుంది. నల్లబడితే కంగారు లేదు, అది అరిగిన ఉక్కు. నున్నగా గాజులా మెరిస్తేనే మొద్దుకత్తితో గీకేసి మళ్లీ పూయాలి.

ఉలిని వెనక్కి లాగడమే, ముందుకు తోస్తే తోలు తెగుతుంది. గట్టి కొయ్యలో ప్రతి 20 నిమిషాలకూ పది పదిహేను లాగుళ్లు సరిపోతాయి. చివర్లో పిడి పైకి లేపారో, అప్పటిదాకా చేసిందంతా వృథా.

గుండ్రటి ఉలుల దగ్గరే ఈ పట్టీ తేలిపోతుంది. బయటి వంపును ఒక మూల నుంచి మరో మూలకు దొర్లిస్తూ లాగొచ్చు, కాస్త ఎక్కువ దొర్లితే మూలలు అరిగిపోతాయి. లోపలి వంపుకు పట్టీ అసలు అందదు. మెత్తని చెక్కలో అదే ఉలితో పొడవుగా ఒక గాడి, పక్కనే అదే వంపున్న గట్టు చెక్కి పేస్టు రుద్దుకుంటే, గాడి బయటికీ గట్టు లోపలికీ అచ్చంగా సరిపోతాయి. కొన్న ఏ పట్టీ అంత బాగా కుదరలేదు.

వి ఆకారపు ఉలికైతే రెండు గోడలు కలిసేచోట లోహం మందం ఎక్కువ కాబట్టి అడుగున చిన్న కొక్కెం మిగులుతుంది. దాన్ని సానరాయితోనే తీయాలి.

చదును ఉలులకు మాత్రం ఇప్పుడు ఎండీఎఫ్ (చెక్క నారను ఒత్తి చేసిన చదునైన పలక) ముక్క మీద ఇదే పేస్టు వాడుతున్నా. కుంగదు, కాబట్టి అంచు గుండ్రబడదు.