జిమ్ అయ్యాక తాగే షేక్: వే పౌడరూ, పుట్నాలూ రెండూ వాడి చెప్తున్నా

ఒంగోల్లో మా జిమ్‌కి కొత్తగా వచ్చే కుర్రాళ్లు ముందు అడిగేది షేక్‌లో ఏం కలపాలన్నా అనే. నేను ఏళ్ల తరబడి వే (పాల విరుగుడు నీళ్లలోంచి తీసే ప్రోటీన్ పొడి) తాగాను, చేతిలో డబ్బులాడని నెలల్లో పుట్నాలపప్పుతో నెట్టుకొచ్చాను. రోజు మొత్తం ప్రోటీన్ సరిపోయినన్నాళ్లూ కండ విషయంలో నాకైతే తేడా కనపడలేదు, తేడా అంతా కడుపులోనూ ఖర్చులోనూ.

వే ఒక స్కూపులో, అంటే ముప్పై గ్రాముల చిల్లర పొడిలో, 24 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. కండ కట్టడానికి కీలకమైన ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌లోని ఒక ముక్క) కూడా ఇందులో ఎక్కువే. నీళ్లలో కలుపుకుంటే నాలుగు గుక్కల్లో అయిపోతుంది, పొట్ట బరువెక్కదు. పాలు పడనివాళ్లకి మాత్రం కాన్సన్‌ట్రేట్ అనే తక్కువ శుద్ధి చేసిన రకంతో కడుపుబ్బరం వస్తుంది. ఎక్కువ శుద్ధి చేసిన ఐసొలేట్‌లో లాక్టోజ్ (పాలల్లోని చక్కెర) బాగా తక్కువ, రేటు ఎక్కువ. షేకర్‌లో నీళ్లు ముందు పోసి ఆ తర్వాతే పొడి వెయ్యండి, లేదంటే అడుగున ఉండకట్టి కూర్చుంటుంది. తాగిన వెంటనే కడగండి కూడా. మే నెల ఎండలో బండి డిక్కీలో సాయంత్రం దాకా ఉంటే మూతలోని రబ్బరు రింగుకి పట్టిన కంపు ఎన్ని నిమ్మచెక్కలు రుద్దినా ఓ పట్టాన వదలదు.

ఇక పుట్నాలు. మా ప్రకాశం జిల్లాలో శనగకి కరువేముంది, వే డబ్బా ఒకటి కొనే డబ్బులతో పుట్నాలు పది కిలోల పైనే వస్తాయి. 50 గ్రాములు మెత్తగా పొడికొట్టి జల్లించి (జల్లించకపోతే గొంతులో గరగర), 300 మిల్లీలీటర్ల పాలు, ఒక అరటిపండు వేసి మిక్సీ తిప్పుతాను. పప్పులో ఓ పది గ్రాములు, పాలల్లో ఇంకో పది, మొత్తం 20 గ్రాముల ప్రోటీన్. పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని పాలు భర్తీ చేస్తాయి. పాలు లేకుండా ఒక్క పుట్నాలతోనే 24 గ్రాములు లాగాలంటే 110 గ్రాముల దాకా వెయ్యాలి, అప్పుడది షేక్ కాదు, సంకటి. తాగాక చాలాసేపు ఆకలెయ్యదు కాబట్టి రాత్రి భోజనం ముందు తాగితే ఇంట్లో తిట్లు ఖాయం.

శెనక్కాయలు గుప్పెడు వేస్తే రుచే వేరు, కానీ 100 గ్రాములకి ప్రోటీన్ 25 గ్రాములైతే క్యాలరీలు 560 పైనే, పొట్ట తగ్గించుకునేవాళ్లు చూసుకోవాలి. పచ్చి గుడ్డు కొట్టి పోసేవాళ్లు ఇంకా ఉన్నారు, ఎందుకో తెలీదు. ఉడికిన గుడ్డు ప్రోటీన్ 90 శాతం దాకా ఒంటికి పడితే పచ్చిదాంట్లో పట్టేది సగమే. బీసీఏఏ పొడి (ల్యూసిన్‌తో కలిపి మూడు అమైనో ఆమ్లాల పొడి) దండగ, అందులో ఉండేవి వేలో ఎలాగూ ఉన్నాయి.

బరువులెత్తే బలం కోసం వాడే పొడి క్రియాటిన్ మోనోహైడ్రేట్ మాత్రం రోజూ 3 నుంచి 5 గ్రాములు వేస్తాను, ఎప్పుడేసుకున్నా ఒకటే. మొదట్లో కిలో రెండు కిలోలు బరువు పెరిగితే అది నీరు, కండ అని మురిసిపోవద్దు. కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ని అడక్కుండా ఇవేవీ ముట్టుకోకండి.

జిమ్ అయిన అరగంటలో షేక్ తాగకపోతే వర్కౌట్ వృథా అన్నది ఉత్త టెన్షన్. కిలో బరువుకి 1.6 గ్రాముల లెక్కన 70 కిలోల మనిషికి రోజుకి 112 గ్రాముల ప్రోటీన్ కావాలి, అన్నం, పప్పుచారుతో అది తేలదు. మధ్యాహ్నం చేపల పులుసు, రాత్రికి గుడ్లు గట్టిగా పడ్డ రోజు నేను షేక్ జోలికే పోను. డబ్బులు తక్కువగా ఉన్న నెలలో వే కొనాలా క్రియాటిన్ కొనాలా అంటే, క్రియాటిన్ కొని పుట్నాలు మర పట్టించుకుంటాను.